పెడల్ తొక్కే మేస్త్రమ్మ

బ్రేకుల పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఎంత మొనగాడైన మేస్త్రి అయినా సరే, తను బండి కింద పడుకుని చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న గొట్టపు మూత తిప్పేటప్పుడు పైన సీట్లో ఇంకొకరు కూర్చుని పెడల్ తొక్కాల్సిందే. పైనున్నవాళ్లు నాలుగుసార్లు తొక్కి ఐదోసారి అదిమిపట్టి ఉంచితే, కిందున్నవాళ్లు నిపుల్ వదులు చేసి, గొట్టాల్లో ఇరుక్కున్న గాలిని బ్రేక్ ఆయిల్‌తో సహా బయటికి పంపిస్తారు. నిపుల్ మళ్లీ బిగించాకే పైవాళ్లు కాలు తీయాలి. తొందరపడి ముందే తీశారో, పోయిన గాలి పోయినట్టే పోయి గుటుక్కున వెనక్కి వస్తుంది. పొద్దున్నుంచీ పడ్డ చాకిరీ అంతా మొదటికి వస్తుంది.

మన మేస్త్రి షెడ్డులో ఆ పైనుండే మనిషి ఆయన భార్య. ఇరవై ఆరేళ్లుగా ఆవిడే. కొత్తగా కాపురానికి వచ్చిన రెండో వారంలో, పనివాడు రాని ఒక రోజున, మేస్త్రి షెడ్డు వెనకాల ఉన్న వంటగదిలోకి తల దూర్చి, "ఒక్కసారి వచ్చి తొక్కి వెళ్దువుగానీ" అన్నాడు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లింది. ఆ ఒక్కసారి ఇంకా పూర్తి కాలేదు. వీధిలో అందరూ ఆవిణ్ని మేస్త్రమ్మ అనే పిలుస్తారు. సొంత పేరుతో పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఆగి, ఎవర్నో అనుకుంటుంది.

ఆవిడ పెడల్ తొక్కే పద్ధతి చూడాలి. చెప్పులు బండి మెట్టు మీద విడుస్తుంది. ఉత్త పాదంతో, ముందు బొటనవేలు ఆనించి ఊరికే తాకుతుంది. ఆ తర్వాతే పాదం మొత్తం మోపుతుంది. ఆ బొటనవేలు తాకినప్పుడే ఆవిడకి సగం సంగతి తెలిసిపోతుంది. పెడల్ మొదట్లో కాస్త ఖాళీగా కదలాలి, దాన్ని ప్లే అంటారు. ఆ ఖాళీ లేకపోతే, తొక్కి వదిలినా ఆయిల్ వెనక్కి రాదు, బ్రేకులు చక్రాల్ని పట్టుకునే ఉంటాయి. ఎక్కువైతే కాలు సగం దూరం పోయాక గానీ బ్రేకు అందదు. "వేలెడు ప్లే ఉందండీ" అని ఆవిడ పైనుంచి అంటే, మేస్త్రి కిందనుంచి ఆ కొలత కదలకుండా చెక్ నట్టు బిగించేవాడు. "ఇంకా లేదండీ" అంటే పెడల్ రాడ్డుని ఇంకో తిప్పు తిప్పేవాడు. కథ వినేవాళ్లు మధ్యమధ్యలో ఊఁ కొడతారే, ఆవిడ మాటల్ని ఆయన అలాంటి లెక్కలో వేసుకున్నాడు.

ఇక గొడవ సంగతి. సరిగ్గా పదకొండు రోజుల కింద షెడ్డులో ఒక వ్యాను పని పూర్తయింది. ఇంకో బండికి చోటు కావాలి, వ్యాను బయటికి తీయాలి. అప్పటికే సీట్లో కూర్చుని ఉన్న మేస్త్రమ్మ, "నేను తీస్తాను లెండి" అంది.

ఊరికే అన్న మాట కాదది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ కూర్చోని డ్రైవరు సీటు లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు, మేస్త్రి కింద పానాల కోసం వెతుక్కుంటున్నప్పుడు, ఆవిడ క్లచ్చి తొక్కి గేర్లన్నీ వేసి చూసేది. ఏ బండికి రివర్సు ఎటుంటుందో, ఏ బండి స్టీరింగు ఎంత మొండిదో ఆవిడకి కంఠతా వచ్చు. ఇన్ని బండ్లెక్కినా, ఆవిడ కింద ఒక్క అడుగు కదిలిన బండి ఒక్కటీ లేదు. ఎన్నాళ్లనుంచో నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆ రోజు బయటికి వచ్చింది.

మేస్త్రి నవ్వాడు. అదీ మామూలు నవ్వా? షెడ్డులో నలుగురు బేరగాళ్లు, గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన టీ కొట్టాయన ఉండగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వా? తొక్కడం వేరు, నడపడం వేరే. నిన్ను తొక్కమన్నప్పుడు తొక్కు, చాలు" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. టీ కొట్టాయనకైతే పొలమారింది.

మేస్త్రమ్మకి మొహం భగ్గున మండింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఈ నలుగురి ముందూ ఏడిస్తే ఇంకా చులకనైపోతానని దిగమింగుకుని, దిగి, చెప్పులు తొడుక్కుని, లోపలికి వెళ్లి కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఆ పూట నుంచి మొగుడితో మాట్లాడితే ఒట్టు. వండేది, పెట్టేది, బట్టలు మడతపెట్టేది. పెదవి మాత్రం విప్పేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందేమో అని ఆయనే అడిగి, లేదులే బాగానే ఉంది అని ఆయనే చెప్పుకునేవాడు. దారిన పోయేవాళ్లనల్లా ఆపి, "ఏమన్నాననీ ఇప్పుడు?" అని అడిగేవాడు. అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు. మగవాడి మొండితనం అంటే అలాగే ఉంటుంది మరి.

పన్నెండో రోజు పొద్దున్న నిదానం వచ్చాడు. అతను ఒక గాజుల గోదాముకి లారీ తోలతాడు. గాజులంటే చేతికి వేసుకునేవి కాదు, కిటికీలకు బిగించే అద్దపు పలకలు. నిలువెత్తు పలకలు నింపుకుని గతుకుల మీద వెళ్లేవాడు నిదానంగా కాక ఎలా వెళ్తాడు? ఆ అలవాటు నడకలోకీ మాటలోకీ కూడా పాకి, ఆ పేరే స్థిరపడింది. మేస్త్రమ్మని అక్కా అంటాడు కాబట్టి మేస్త్రి అతనికి బావ. లారీ అతని కన్నా నాలుగైదేళ్లు చిన్నదంతే. దాన్ని పెద్దమ్మ అంటాడు.

"బావా, పెద్దమ్మ పెడల్ కిందికి జారిపోతోంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా మునిగిపోతోంది. మళ్లీ రెండుసార్లు కొడితే లేస్తోంది. రేపు పొద్దున్నే లోడు ఉంది" అన్నాడు. అంత మాట చెప్పడానికి టీ చల్లారిపోయింది.

మేస్త్రి నాలుగు చక్రాల దగ్గరా వేలు పెట్టి చూశాడు. ఎక్కడా తడి లేదు. "చక్రాల్లో ఏం లేదు. మాస్టర్ సిలిండర్ పోయింది. లోపల వాషర్లు అరిగి ఆయిల్ పక్కనుంచి జారిపోతోంది" అన్నాడు. నిదానం సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీశాడు. కొత్త సిలిండర్! అంత పాత బండికి సామాను దొరకడం గగనం. నాలుగు దుకాణాలు తిరిగి ముందే సంపాదించి పెట్టుకున్నాడట. పని పట్ల మేస్త్రికి ఎంత ప్రేమంటే, పదకొండు రోజుల తర్వాత ఆయన మొహం మొదటిసారి వెలిగింది.

కేబిన్ నేల మీది చాప ఎత్తి, చెక్క తీసి, పాత ఆయిల్ పీల్చేశాడు. గొట్టం నట్టు తుప్పు పట్టి కరుచుకుపోయింది. దాన్ని ఆయిల్‌తో తడిపి, సుత్తితో బుజ్జగించి, నయానా భయానా ఊడదీశాడు. రెండు బోల్టులు తీస్తే పాత సిలిండర్ చేతిలోకి వచ్చింది. లోపల వేలు పెడితే గీతలే గీతలు. కొత్తదాన్ని బల్ల మీద బిగించి, ఆయిల్ పోసి, బుడగలు ఆగేదాకా లోపలి పిస్టన్ నొక్కి నొక్కి వదిలాడు. ఆ తర్వాతే బండికి ఎక్కించాడు. పెడల్‌ని సిలిండర్‌కి కలిపే పుష్ రాడ్డు పొడవు ఎప్పటిలాగే కంటి అంచనాతో పెట్టి, చెక్ నట్టు బిగించేశాడు. మిగతాది పైనుంచి వినబడుతుంది కదా.

ఇక గాలి తీయాలి. మేస్త్రి బండి కిందికి దూరి, గొంతు సవరించుకుని, "మీ అక్కని రమ్మను" అన్నాడు.

నిదానం వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "అక్కా, బావ రమ్మంటున్నాడు" అన్నాడు.

"పనికైతే వస్తానని చెప్పు" అంది మేస్త్రమ్మ.

"పనికైతే వస్తుందట బావా."

"పనికి కాక పేరంటానికా!" అని కిందనుంచి వినిపించింది.

ఆవిడ వచ్చింది, చెప్పులు విడిచింది, ఎక్కింది. బొటనవేలు ఆనించింది. మళ్లీ ఆనించి చూసింది. ప్లే లేదు. వేలెడు కాదు కదా, వెంట్రుకవాసి కూడా లేదు. ఇలాగే వదిలేస్తే బండి రెండుసార్లు ఆగి మూడోసారి కదలదు. "ఏమండీ" అని నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కిందనుంచి, "తొక్కమను!" అని గట్టిగా కేక వినబడింది.

తొక్కమన్నప్పుడు తొక్కు, చాలు. ఆ మాట, ఆ నవ్వు, పొలమారిన టీ కొట్టాయన, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. మేస్త్రమ్మ నోరు మూసేసుకుంది. ఆవిడ మనసు చెడ్డది కాదు. పెడల్ మెత్తగా ఉంటే, బ్రేకు పడదనుకుంటే, పోట్లాట సంగతి పక్కనపెట్టి అరిచి చెప్పేది. ఇది అలాంటిది కాదు. బండి ఆగకపోతే ప్రమాదం గానీ, కదలకపోతే నవ్వులాటే కదా. కాస్త నవ్వనీ జనాన్ని, ఈసారి ఎవర్ని చూసి నవ్వుతారో చూద్దాం అనుకుంది.

దూరపు చక్రంతో మొదలుపెట్టి నాలుగూ అయ్యాయి. మధ్యలో నిదానం తల ప్రాణం తోకకొచ్చింది. "తొక్కమను" అంటే "తొక్కు అక్కా", ఆవిడ అదిమిపట్టి తల ఊపితే "పట్టింది బావా", మళ్లీ కిందనుంచి "వదలమను". అతని నిదానానికి ఒక్కో మాట చేరేసరికి మేస్త్రి మోచేతి దాకా ఆయిల్ కారింది.

"గట్టిగా ఉందా అని అడుగు" అన్నాడు చివరికి మేస్త్రి.

"గట్టిగానే ఉందని చెప్పు" అంది మేస్త్రమ్మ. అందులో అబద్ధం ఏమీ లేదు.

మేస్త్రి చేతులు తుడుచుకుని, బూట్లతో ఎక్కి, ఒక్క తొక్కు తొక్కి, "రాయిలా ఉంది!" అని మురిసిపోయాడు. పక్కన నిదానం కూర్చున్నాడు. లారీ షెడ్డులోంచి బయటపడింది. మేస్త్రమ్మ చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. టీ కొట్టు దగ్గర బ్రేకు కొడితే లారీ ఠక్కున ఆగింది. టీ కొట్టాయన గరిటెతో సెల్యూట్ కొట్టాడు. దర్జీ దుకాణం దగ్గర ఇంకోసారి ఆగింది. అక్కణ్నుంచి కదలడానికి కాస్త మూలిగింది. క్షౌరశాల ముందుకి వచ్చేసరికి, సరిగ్గా వీధి నడిమధ్యన, పెద్దమ్మ బిగదీసుకుని నిలబడిపోయింది. ఇంజను గాండ్రిస్తోంది, చక్రం అంగుళం కదలడం లేదు. వెనకాల హారన్లు మొదలయ్యాయి. సగం గడ్డం గీయించుకున్న ఒకాయన సబ్బు నురగతోనే గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"మేస్త్రీ! ఆగేలా చెయ్యమంటే ఆగిపోయేలా చేశావేంటి?" అని టీ కొట్టాయన అరిచాడు. వీధంతా పక్కున నవ్వింది.

మేస్త్రి కిందికి దూకి డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేశాడు. విషయం అర్థమైంది. ఒక నిపుల్ వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రాలు వదిలాయి. అది కాదు కష్టం. చెక్ నట్టు విప్పి పుష్ రాడ్డు తిప్పాలి. ఎంత తిప్పాలి? నిదానాన్ని పెడల్ మీద కూర్చోబెట్టి, "ప్లే ఉందా?" అన్నాడు. నిదానం మందపాటి చెప్పు వేసి నొక్కి, ఆలోచించి, "ఉన్నట్టే ఉంది బావా. లేనట్టు కూడా ఉంది" అన్నాడు. మేస్త్రి తనే ఎక్కి బూటుతో తొక్కాడు. బూటుకేం తెలుస్తుంది? దిగి తిప్పాడు, ఎక్కి తొక్కాడు. ఈసారి పెడల్ సగం దాకా ఉత్తినే పోయింది. మళ్లీ దిగాడు. అలా కాలుగాలిన పిల్లిలా నాలుగుసార్లు తిరిగి, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

గేటు దగ్గర్నుంచి మేస్త్రమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. మొదట్లో లోలోపల సంబరంగానే ఉంది, దాచడం ఎందుకు? కాసేపటికి సంబరం తగ్గింది. ఆయన లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ షెడ్డు వైపు నడిచి వస్తున్నాడు. నుదుటి మీద నల్లటి ఆయిల్ చార. పెళ్లినాటి నుంచీ ఆ చార అక్కడే, అదే చోట పడుతుంది. దాన్ని చూస్తే ఆవిడకి కోపం నిలవలేదు. నిలబెట్టుకోవడానికి చేతులు ఇంకా గట్టిగా కట్టుకుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు ఆయన ఎదురుగా నిలబడి. మధ్యవర్తి లేకుండా అన్న మొదటి మాట అది.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"తొక్కమన్నారు. తొక్కాను."

మేస్త్రి గొంతు అసలే పెద్దది, ఇంజన్ల మధ్య అరిచి అరిచి అలా తయారైంది. మెల్లగా మాట్లాడదామనుకున్నా వీధి చివరికి వినిపిస్తుంది. "నాకు తెలీదే" అన్నాడు. "ప్లే ఎంత పెట్టాలో నాకు తెలీదు. ఇన్నేళ్లూ నువ్వు చెబితేనే పెట్టా. నా అంతట నేను ఒక్కసారి కూడా చూసింది లేదు. ఇందాక మెట్టు మీద కూర్చుంటే తెలిసొచ్చింది. ఆ రోజు నలుగురిలో నవ్వాను చూడు, బుద్ధిలేక నవ్వాను."

టీ కొట్టాయన గరిటె ఆగిపోయింది. మేస్త్రమ్మకి ఇన్నాళ్లూ బరువెక్కిన గుండె ఒక్కసారిగా తేలికైంది. నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. "పదండి, వెనక బళ్లన్నీ ఆగిపోయాయి" అని మాత్రం అంది.

వీధి నడిమధ్యన, లారీ మెట్టు మీద చెప్పులు విడిచి ఎక్కింది. ఆయన బండి కిందికి దూరాడు. "అర తిప్పు లోపలికి. ఇంకో అర. ఆగండి, ఎక్కువైంది. పావు వెనక్కి. ఆఁ, ఇప్పుడు వేలెడు ఉంది. బిగించండి." ఇప్పుడు ఆ మాటల్ని ఆయన డాక్టరు మాట విన్నట్టు విన్నాడు. విప్పిన నిపుల్ దగ్గర మళ్లీ గాలి తీశారు. "పట్టా" అని ఆవిడ, "వదులు" అని ఆయన. నిదానం ఉద్యోగం ఊడింది. వెళ్లి వెనకబళ్లని పక్కనుంచి పంపించే పని పెట్టుకున్నాడు. అదీ నిదానంగానే.

అంతా అయ్యాక మేస్త్రి పైకి వచ్చి తలుపు తీసి, జరగమన్నట్టు చెయ్యి ఊపాడు.

మేస్త్రమ్మ జరగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ ఉన్నాయి. "ట్రయల్ నేను వేస్తాను" అంది.

వీధి మళ్లీ చెవులు రిక్కించింది. టీ కొట్టాయన, దర్జీ, సబ్బు నురగాయన, అందరూ చూస్తున్నారు. ఇప్పుడు గనక ఈ మనిషి నవ్వితే దిగిపోతాను, ఇక జన్మలో ఏ బండి పెడల్ మీదా కాలు పెట్టను అని ఆవిడ మనసులో గట్టిగా అనేసుకుంది.

"వీధిలో వద్దే" అన్నాడు మేస్త్రి. ఆవిడ చెప్పుల కోసం చూసింది. ఆయన ఇంకా మాట పూర్తి చేయలేదు. "జనం ఉన్నారు. గోదాము వెనక ఖాళీ స్థలం ఉందిగా, అక్కడిదాకా నేను తోల్తా. అక్కణ్నుంచి నువ్వు."

ఆవిడ జరిగింది. అంత త్వరగా ఎప్పుడూ జరగలేదు.

గోదాము వెనక పెద్ద ఆవరణ. ఈ చివర గేటు, ఆ చివర గోడ, గోడకు ఆనించి ఖాళీ చెక్కపెట్టెలు. నిదానం దిగి, "అక్కా, పెద్దమ్మ జాగ్రత్త" అని చెప్పి, చెక్కపెట్టెల వెనక్కి పోబోయి, లారీ వచ్చేది అటే కదా అని నాలుక కరుచుకుని, గేటు అవతలికి పోయి నిలబడ్డాడు. ఆ రోజు అతను వేగంగా చేసిన పని అదొక్కటే.

మేస్త్రమ్మ డ్రైవరు సీట్లోకి జరిగి, మొదటిసారి క్లచ్చి వదలగానే లారీ ఎగిరిపడి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మేస్త్రి తలుపు పిడి పట్టుకున్నాడు. మూడోసారి ఆవిడ ఎడమకాలి బొటనవేలు కూడా ముందు ఊరికే ఆనించింది. క్లచ్చి ఎక్కడ అందుకుంటుందో పాదంతో వెతుక్కుంది. దొరికింది. పెద్దమ్మ ఒళ్లు విరుచుకుని కదిలింది.

నేల వెనక్కి పోతోంది! గేటు పోయింది, కరెంటు స్తంభం పోయింది. ఇన్నేళ్లూ అద్దంలోంచి ఎప్పుడు చూసినా షెడ్డు గోడే కనబడేది, ఇప్పుడు అద్దం నిండా ఆకాశం వచ్చి పడుతోంది. మేస్త్రమ్మ గట్టిగా నవ్వింది, ఎందుకో తనకే తెలీదు. రెండో గేరు వేసింది. గోడ దగ్గరపడింది. ఓరకంట చూస్తే పక్కన మేస్త్రి కుడికాలు ముందుకు చాచి, బిగబట్టి, కింద చాపని అదిమి తొక్కుతున్నాడు.

ఆవిడ బొటనవేలు ఆనించింది. వేలెడు ఖాళీ. ఆ తర్వాత మెల్లగా పట్టు. నిండు గ్లాసు బల్ల మీద పెట్టినట్టు లారీ పెట్టెలకి బారెడు ముందు ఆగింది. కాలు తీస్తే చక్రాలు హాయిగా వదిలాయి.

"అదేంటండీ, ఆ చాప తొక్కుతున్నారు? అక్కడేం లేదుగా" అంది మేస్త్రమ్మ.

ఆయన తన కాలు వైపు చూసుకుని సిగ్గుపడ్డాడు. "భయమేసిందే. బండి నీ చేతిలో, నేనేమో ఊరికే కూర్చోవాలి."

"మీరు కింద పడుకుంటారు, నేను పైన కూర్చుంటాను. జాకీ జారితేనో, నా కాలు తప్పితేనో అని ఇరవై ఆరేళ్లుగా రోజూ భయమే నాకు. ఎప్పుడైనా చెప్పానా?"

మేస్త్రి ఆవిడ కొంగు చివర అందుకుని నుదుటి మీది ఆయిల్ తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇంకో చుట్టు వేయనా?" అంది మేస్త్రమ్మ.

"వెయ్యి" అన్నాడు ఆయన. ఆవిడ రివర్సు గేరు ఎటని అడగకుండానే వేసింది. లారీ వెనక్కి కదిలేలోపు మేస్త్రి బూట్లు రెండూ విప్పి పక్కన పడేసి, కాళ్లు పైకి తీసుకుని, సీటు మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.